కడుపులో ఎట్లుందని అడిగాను

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. రాత బాగా లేకపోయినా ఏమీ అనుకోకుండా చదవండి.

అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్లో నేను వంట చేస్తాను. ఈ ఏడు దమ్మపేట అవతలి ఊరి నుంచి ఒక పిల్ల ఆరో తరగతిలో చేరింది. మా కోయ మాట తప్ప తెలుగు అంతగా రాదు. పది రోజులైనా ఎవరితో మాట్లాడలేదు, నేను మా మాటలో పలకరించినా సరే. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టేది. నర్సు చూసి జ్వరం గిరం ఏమీ లేదంది. సోమవారం తండ్రి వచ్చి తీసుకుపోతాడని వార్డెన్ మేడం చెప్పింది. ఇంటికి పోయిన పిల్ల మళ్లీ బడికి రాదు. నేనూ అట్లా పోయినదాన్నే.

శనివారం దవాఖానా నుంచి పిల్లల మనసు చూసే డాక్టరమ్మ వచ్చింది. పిచ్చి డాక్టర్ వచ్చిందని పిల్లలంతా దాక్కున్నారు. ఈ పిల్ల చెప్పేది తెలుగులో చెప్పడానికి నన్ను పిలిచారు. చేతులకు పిండి అట్లాగే ఉంది.

"మనసు ఎలా ఉందో అడగండమ్మా" అంది డాక్టరమ్మ.

భయంలో మనసుకు మా భాషలో ఏమనాలో తోచలేదు. కడుపులో ఎట్లుందని అడిగాను. పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టుకుని, లోపల మెలిపెడుతోందని మొదలుపెట్టింది. తండ్రి కూలికి పోతే ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటుందట. అన్నం ముందు కూర్చోగానే, అవ్వ తిన్నదో లేదో, ఎక్కడన్నా పడిపోయిందేమో అని గుర్తొస్తుందట. ఏడుస్తూ చాలాసేపు చెప్పింది.

అదంతా డాక్టరమ్మకు తెలుగులో చెప్పి, నేను అడిగింది కడుపు సంగతని ఒప్పుకున్నాను. డాక్టరమ్మ నవ్వింది.

"ఇకనుంచి నేనూ కడుపే అడుగుతాను."

ఆ మాట బయటికి పాకింది. సాయంత్రంలోపు దాక్కున్నవాళ్లలో నలుగురు వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. పిల్లకు మందులేమీ రాయలేదు. రోజూ అవ్వతో మాట్లాడించమంది, తనూ ప్రతి శనివారం వచ్చి మాట్లాడతానంది.

తండ్రి ఫోనుకు నా ఫోన్ నుంచే చేశాం. అవ్వ మా భాషలో అన్నది తెలుగులో ఇదీ: "నేను రెండుసార్లు తిన్న. నువ్వు తింటలేవంట ఏంది? గిట్లయితే నాకంటే ముందు నువ్వే ముసల్దానివైతవ్."

పిల్ల పకపకా నవ్వింది. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుని, మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"పెద్దమ్మా, చారుల ఉప్పు లేదు."

"అవ్, పది రోజులు తినకుండ ఉండి ఇప్పుడు వంకలు పెడుతున్నవా?" అన్నాను. నాకు ఎంత సంతోషమైందో రాయడం చేతకావడం లేదు.

సోమవారం తండ్రి సామాన్ల కోసం సంచి తెచ్చాడు. తను రానని, అవ్వకు వేళకు బువ్వ పెట్టమని పిల్ల ఆయనకే జాగ్రత్తలు చెప్పింది. ఆయన మాతోపాటు అన్నం తిని, ఖాళీ సంచి భుజాన వేసుకుని నవ్వుకుంటూ బస్సెక్కాడు.

ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మన్నించండి.