లేతపాకం

"తినీసి వెళ్ళు. అన్నం వడ్డించీసేను."

"ఒక్క ట్రిప్పే గదే. వచ్చి తింతాను."

మీ తాతకీ నాకూ ఆఖరి మాటలు అవే. రాసేవా గుంటా? రాయి. ఆ రోజు పొద్దున్నించీ ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టరు తోలతానే ఉన్నాడు. కునుకొచ్చీసింది, ట్రాక్టరు కాలవలోకి పోయింది. నేనిక్కడ ఆయన కంచం మీద మూతపెట్టి కూర్చున్నాను. ఆ మూత తరవాత ఎవరు తీసేరో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇప్పుడు మీ నాన్న. కంపెనీలో డ్యూటీ చేసొచ్చి, మళ్ళీ కిరాయిలకి కారు తోలతన్నాడు. పక్కింటోళ్ళు మేడ మీద మేడ వేసేరు, మనకీ వెయ్యాలంట. కళ్ళు చూస్తే చింతనిప్పులు. నిన్న ఆడి నోటంట కూడా అదే మాట విన్నాను, "ఒక్క ట్రిప్పేనమ్మా" అని. నేను చెప్తే వినడు, "ఈ రోజులు నీకు తెలీవు" అంటాడు. అందుకే నీచేత రాయిస్తన్నాను.

నా చిన్నప్పటి సంగతి చెప్తాను, రాయి. నేను నీకన్నా చిన్నగుంటని. బుచ్చయ్యపేట పక్కన మా ఊళ్ళో మాకు కొంచెం చెరుకుండేది. గానుగాడి బెల్లం మేమే వండుకునేవాళ్ళం. మా అయ్యకి పెద్దక్క, మా అత్త, మొగుడు పోయేక మా ఇంటికే వచ్చీసింది. చెరుకురసం కాచే పెద్ద పెనం దగ్గర పనంతా ఆవిడదే. రసం మరుగుతంటే బెండమొక్కలు నలిపిన జిగురు పోసి, పైకి తేలిన తెట్టు తీసేది. కాస్త పాకం నీళ్ళల్లో వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసేది. ఉండ గట్టిపడితేనే పెనం దించమనేది.

ఆ ఏడు ఎదురింటోళ్ళు రేడియో కొన్నారు. సాయంత్రం అయితే వీధంతా వాళ్ళ అరుగు మీదే. మా అయ్యకి అన్నం సయించడం మానీసింది. పాకం లేతగా ఉన్నప్పుడే దించీస్తే లోపల నీరు మిగులుద్ది, తూకం పెరుగుద్ది, నాలుగు బెల్లం దిమ్మలు ఎక్కువొస్తాయి. ఆ ఎక్కువతోటి రేడియో కొందామని ఆయన ఆశ.

"ఇంకో పొంగు రానీరా తమ్ముడూ. ఉండ కట్టడం లేదు, సూడు."

"దింపీయప్పా! నీకేటి, రెండు ముద్దల మనిషివి. రేడియో యినాలని నీకు లేదేటి?"

"ఎందుకు లేదురా? నీకంటే ముందెళ్ళి కూకుంటన్నాను ఆల అరుగు మీద!"

నవ్వింది, అంతే. మరి వాదించలేదు. పెనం దించీసేరు. మా అత్త మాత్రం పెద్ద గరిటెడు పాకం ఓ చిన్న గిన్నెలోకి తీసి, పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద పెట్టి కలుపుతా కూర్చుంది. నేను నోరూరి పక్కనే కూర్చున్నాను. గిన్నెలోది తగ్గిపోతంది, తగ్గిపోతంది. నాకు ఏడుపొచ్చి, "అత్తా, అయిపోతంది, దించీయే" అన్నాను.

"అయిపోయేది నీరే గుంటా. బెల్లం ఎక్కడికీ పోదు."

చివరికి నా పిడికిలంత నల్లటి ముద్ద మిగిలింది. తాటాకులో చుట్టి చూరులో దోపింది.

తరవాత మబ్బు పట్టింది. దిమ్మలు చెమర్చి, కారి, గోనెలన్నీ తడిసిపోయేయి. చీమలు బారులు కట్టేయి. కొనేవాడు వచ్చి ఓ దిమ్మలో వేలు పెట్టి, ఆ వేలు గోనెకి తుడుచుకుని వెళ్ళిపోయేడు. మా అయ్య ఆ దిమ్మల పక్కనే కూలబడ్డాడు. నేను చెప్పలేదా అని మా అత్త ఒక్క మాటన్లేదు. చూరులోంచి ముద్ద తీసింది. ఎలా పెట్టిందో అలాగే ఉంది. రోకలితో కొట్టి మొదటి ముక్క తమ్ముడి నోట్లో పెట్టింది. మా అయ్య ఏడవడం నేను అప్పుడే చూసేను.

"ఊరుకోరా. ఆల రేడియో మన గుమ్మంలోకీ యినిపిస్తంది గదా. బ్యాటరీలు కొనే బాధ ఆలదీ, పాటలు మనవీను."

ఏడుస్తానే నవ్వీసేడు మా అయ్య. మర్నాడు ఇద్దరూ కలిసి ఆ బెల్లాన్ని మళ్ళీ పెనంలో వేసి ముదరబెట్టేరు. నల్లగా వచ్చింది, తక్కువొచ్చింది. ఏడాదంతా మాకు అదే బెల్లం. మా ఇంటికి రేడియో మాత్రం రాలేదు.

"అయిపోయేది నీరే" అన్న ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. మీ తాత బయల్దేరిన రోజు గొంతు దాకా వచ్చింది. ఈలోగా ఆయన ట్రాక్టరు తీసీసేడు.

మేడ నాకొద్దని కాదు గుంటా. ఎండల్లో పైకెక్కి గాలికి పడుకోవాలని నాకూ ఉంది. కానీ ఇంకో కంచం మీద మూత పెట్టి కూర్చోడం నావల్ల కాదు.

ఇంక ఆపు. మీ నాన్న కారు తాళాలు వెతుకుతన్నాడు. వెతకనీ, నా కొంగున ముడేసి ఉన్నాయి. అన్నం వడ్డించీసేను. ఏదీ, మొదట్నించీ చదువు. గట్టిగా చదువు, ఆడికి వినపడాల.