తెరమీంచి వేసిన జడ

2020. లాక్‌డౌన్ ఎత్తేసి సెలూన్లు తెరిచిన రోజులు. సాలూరు లారీ స్టాండు ఎదుట నా షాపు. తాళం తీసేసరికి ఊరి మగాళ్లందరూ ఎలుగుబంట్లలా బారులు తీరి ఉన్నారు. అందరినీ మళ్లీ మనుషుల్ని చేసి పంపాను, ఒక్కడిని తప్ప. వాడు లారీ డ్రైవరు ఎర్రినాయుడు. వాడు డోరు తీస్తే ముందు జుట్టు దిగేది, కాసేపటికి మనిషి దిగేవాడు.

"కటింగొద్దు మావా. నడుం దాకా పెంచాల. దారి సెప్పు," అన్నాడు.

కారణం ఉంది. వాళ్ల ఊరి అమ్మవారి జాతర నాలుగేళ్లకోసారి. అందులో ఎర్రినాయుడు వీధి భాగవతం ఆడతాడు, రాణి వేషం. ఆటలో రాణి ఒక పట్టాన కనబడదు. ముందు తెరమీంచి జడ ఒక్కటే ఇవతలికి వేస్తుంది. జనం ఆ జడ చూసి రాణి ఎంతటిదో తేల్చుకున్నాకే తెర తొలగుతుంది. కిందటి జాతరలో ఎవడో ఆకతాయి ఆ జడ పట్టుకు లాగాడు. అది సవరం. జడ తెర ఇవతలికి వచ్చేసింది, రాణి తెర అవతలే ఉండిపోయింది. ఆ నవ్వులకి ఒడిశాలో పశువులు కట్లు తెంచుకున్నాయి. వచ్చే జాతరకి సొంత జడ ఉంటేనే రాణి వేషం నీది, లేకపోతే వేరేవాడికి అని మేళం పెద్ద తేల్చేశాడు.

ఒత్తు జుట్టుతో ఒక చిక్కుంది. పల్చటి జుట్టు పెరిగితే కిందకి దిగుతుంది. ఒత్తుది ముందు పక్కలకీ పైకీ లేస్తుంది. భుజాలు తాకేదాకా గొడుగే. చాలామంది అక్కడే విసిగి కటింగ్ చేయించేసుకుంటారు. దానికి మా దగ్గర థిన్నింగ్ కత్తెర ఉంటుంది. దువ్వెనలా పళ్లుంటాయి, పొడవు తగ్గించకుండా లోపలి ఒత్తు తీసేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఎర్రినాయుడి గొడుగు కింద అరడజను మంది క్లీనర్లు వానకి తడవకుండా బీడీలు కాల్చుకునేవారు. నేను ఆ కత్తెర బయటికి తీశాను. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ పైడమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"కత్తెర కింద పెట్టు బాబూ. అది అప్పన్న జుట్టు."

మా వైపు మగాడు జుట్టు పెంచితే అది మొక్కే. చెక్‌పోస్టు దగ్గర, టోల్‌గేటు దగ్గర, "ఏ దేవుడికిరా?" అని అడగని ప్రాణి లేదు. భాగవతం సంగతి చెప్పి చెప్పి దవడలు అరిగిపోయి, ఒకరోజు టీకొట్టులో ఎర్రినాయుడు "సింహాచలం అప్పన్నకి" అనేశాడు. ఆ మాట లారీకన్నా ముందే ఇల్లు చేరింది.

"ఊరికే అన్నానే అమ్మా!"

"అప్పన్న ఊరికే ఇన్నాడేటి? నోటంట వచ్చినాక అది ఆయనదే. ఇక కత్తెర తగలకూడదు. జాతరలో ఆడుకో, నాను కాదన్ను. మర్నాడే కొండెక్కి గుండు సేయించీ."

"గుండుతో రాణేటే? జాతర బాగా ఆడితే ఏసవంతా ఊరూరా ఆటలుంటాయి!"

"అబద్ధం ఆడినప్పుడు గుర్తు లేదేటి ఆ ఏసవి?"

కత్తెర పెట్టెలోకి వెళ్లిపోయింది. జుట్టు తడిగా ఉండగానే పాయలు తీసి, ఆముదం కలిపిన కొబ్బరినూనె పట్టించి, తువ్వాలు బిగించి కట్టుకోమన్నాను.

"ఇది కిందకి దిగదేటి మావా?"

"ఖాళీ లారీ గుంట గుంటకీ ఎగురుతాది కదరా. లోడెక్కినాక ఎగురుతాదా? నీ జుట్టుకీ లోడు పడనీ, అదే దిగుతాది."

పడింది. గొడుగు ముడుచుకుంది, భుజాలు దాటింది, జాతర నాటికి నడుం చేరింది. ఈలోగా ఆ తలలోకి వెళ్లిన నా దువ్వెనల్లో కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు.

జాతర సాయంత్రం జడ నేనే అల్లాను. భుజాలు వారం రోజులు నొప్పి పెట్టాయి. తెరమీంచి జడ ఇవతల పడింది. మళ్లీ ఎవడో పట్టుకు లాగాడు. జడ ఊడలేదు. తెర పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి వాడి చెవి మెలిపెట్టింది, లోపల పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. ఈలలకి అమ్మవారి గంటలు వాటంతటవే మోగాయి.

పైడమ్మ నా పక్కనే కూర్చుంది. ఆట అయ్యాక ఆడవాళ్లంతా కొడుకు చుట్టూ చేరి జడ తడిమి చూస్తుంటే అలాగే చూస్తూ ఉండిపోయింది. మర్నాటి కొండ ప్రయాణానికి సంచి ఒళ్లోనే ఉంది.

"బాబూ, కొండమీద ఆడోళ్లు ఏటిస్తారు?" అంది ఉన్నట్టుండి.

"మూడు కత్తెర్లు," అన్నాను. చాలామంది ఆడవాళ్లు గుండుకి బదులు జడ చివర మూడుసార్లు కత్తిరించి మొక్కు తీర్చుకుంటారు.

"మరి ఆ జడ ఎవులిది? నా కొడుకుదా, రాణిదా?"

ఎర్రినాయుడు అటునుంచి జడ గుప్పిట్లో పట్టుకుని చూస్తున్నాడు.

"రాణిదే," అన్నాను.

"అదీ! ఆడదాని జుట్టంతా లాక్కుంటే అప్పన్నకి మాత్రం మర్యాదేటి?"

మర్నాడు కొండమీద మూడు కత్తెర్లు ఇచ్చి తల్లీకొడుకులు తిన్నగా నా షాపుకే వచ్చారు.

"ఆయన వాటా ఆయనకి ముట్టింది. ఇప్పుడు నీ పళ్ల కత్తెర తియ్యి," అంది పైడమ్మ.

తీశాను. జడ విప్పి చూశాను. బరువుకి జుట్టు ఎక్కడికక్కడ సర్దుకుని నిలువునా దిగి ఉంది. తీయాల్సినదేమీ లేదు. కత్తెర మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఆ వేసవంతా ఎర్రినాయుడు ఊరూరా రాణిగా తిరిగాడు. ఇప్పుడు ఒత్తు జుట్టు పెంచుతానని ఎవరొచ్చినా నేను ఒకటే చెబుతాను. గొడుగు దిగేదాకా కత్తెర నేను దాస్తాను, నోరు మీరు దాచుకోండి.