అక్క తాగని నీళ్లు

మార్కెట్ గేటు దగ్గర పూలమ్మే మా అక్క మొన్న సోమవారం పొద్దున పోయింది. కిడ్నీలు చెడిపోయాయని దవాఖానలో చెప్పారు. ఏళ్ల తరబడి నీళ్లు తాగక, మూత్రం ఆపుకొని ఆపుకొని ఇట్లా అయిందన్నారు. డాక్టరు మర్యాదస్తుడు, అక్కడితో ఆగాడు. నేను ఏడో తరగతి తప్పినవాణ్ని, నాకా మర్యాద లేదు. ఆమెను మా మార్కెట్ చంపింది.

అక్క ట్రాన్స్‌జెండర్. రోజూ రఘునాథపల్లి నుంచి మొదటి బస్సుకు జనగామ వచ్చి, నేను తాళంచెవులు చేసే డబ్బాకొట్టు ఎదురుగా పూలబుట్ట దించేది. వచ్చిన మొదటి రోజు నేను ఈల వేశాను. ఇప్పుడు తలచుకుంటే నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె తల కూడా ఎత్తకుండా, "మా ఊర్ల మేకలను గిట్లనే పిలుస్తరు తమ్మీ. ఎన్నొచ్చినయి?" అంది. పక్క దుకాణాలవాళ్లు పడి పడి నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆమెకు తమ్ముణ్ని. మా అమ్మ తర్వాత నన్ను తిట్టి, మళ్లీ అన్నం తిన్నావా అని అడిగింది ఆమె ఒక్కతే.

పొద్దంతా పూల మీద నీళ్లు చిలకరించేది. తను మాత్రం ఒక్క చుక్క తాగేది కాదు. ఎండాకాలం మజ్జిగ ఇస్తే, "పూలకు దూపైతది, నాకెందుకు" అనేది. ఆ మాటకు చాలా రోజులు నవ్వాను, గాడిదను. సంగతి తర్వాత తెలిసింది. మార్కెట్ మొత్తానికి ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. ఆడవాళ్ల వైపు పోతే, దాన్ని మున్సిపాలిటీ దగ్గర ఠేకాకు తీసుకొని డబ్బులు వసూలు చేసే పెద్దమనిషి అడ్డం నిలబడేవాడు. మగవాళ్ల వైపు పోతే తలుపు మీదుగా తొంగి చూసేవాళ్లు. ఆ పెద్దమనిషే శుక్రవారం మనుమణ్ని ఎత్తుకొచ్చి ఆమెతో దిష్టి తీయించుకునేవాడు. ఆమె చెయ్యి మంచిదట. కాలు మాత్రం గడప దాటకూడదు.

అక్క కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి గుర్తింపు కార్డు తెచ్చుకుంది. పెద్దమనిషి దాన్ని తిప్పి తిప్పి చూసి, "కలెక్టర్ సంతకం కలెక్టరాఫీసుల చెల్లుతది. గిది నా ఠేకా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఊరందరి మీద చేసే కొంటెపని అతని మీదా చేశాను. ట్రాన్స్‌జెండర్లను అందరూ వాడుకునే చోటికి రానివ్వకపోతే ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలని చట్టంలో ఉంది. ఆ ముక్క జిరాక్సు షాపులో పెద్ద అక్షరాలతో తీయించాను. తాళంచెవులతో పాటు రబ్బరు ముద్రలు కూడా చేస్తాను కదా, మా వాడ వినాయకుడి కమిటీవాళ్లు చేయించుకొని తీసుకుపోని గుండ్రటి ముద్ర ఒకటి డబ్బాలో పడి ఉంది. దాన్ని కింద గట్టిగా కొట్టి, కాగితం మరుగుదొడ్డి గోడకు అంటించాను.

ముద్రలో ఏముందో ఎవరూ చదవలేదు. గుండ్రంగా ఉంది, చాలు. పెద్దమనిషి తలుపు తీసి పక్కకు జరిగాడు. నెల రోజులు అక్క కడుపునిండా నీళ్లు తాగింది. పుచ్చకాయ తిన్నది. ముద్ర సంగతి చెవిలో చెబితే ఒళ్లో పూలు కిందపడేదాకా నవ్వి, "కలెక్టరుకు బెదరనోడు గణపతికి బెదిరిండు" అంది.

తర్వాత కమిటీ మనిషి ఒకాయన వచ్చి ముద్ర చదివాడు. పెద్దమనిషి కాగితం పరపరా చింపాడు. ముద్ర కొట్టిన తప్పు నాదే, రాసింది మాత్రం దేశమంతటికీ చట్టమేనని మొత్తుకున్నాను.

"ముద్రనే దొంగదైతే ముచ్చట నిజమెట్లయితది?" అన్నాడు.

డిగ్రీలు చదివిన దుకాణదారులు కూడా తలలూపారు. థూ.

పోలీసు స్టేషన్‌కు పోదామన్నాను. అక్క వద్దంది. "రేపు గేటు కాడ గూడ కూసోనియ్యరు తమ్మీ. ఆపుకునుడు నాకలవాటే."

ఆమె పోయిన మూడో రోజు మార్కెట్లో సంతాపం ఫ్లెక్సీ లేచింది. అక్క ఫొటో కింద ఒక మూలకు చిన్నగా, దండం పెడుతున్న పెద్దమనిషి ఫొటో నడుమ పెద్దగా. చోటు లేక దాన్ని మరుగుదొడ్డికి ఆడవాళ్ల వైపు తలుపు పక్కన కట్టారు. కింది తాడు ఊడిపోయింది. గాలి వచ్చినప్పుడల్లా అక్క ముఖమున్న మూల తెరిచిన తలుపులోంచి లోపలికి పోయి, కాసేపుండి, మెల్లగా బయటికి వస్తోంది.