పథ్యం విడిచిన రోజు

మా పక్క గుడిసెలో ఉండే అవ్వ మొన్న బుధవారం పోయింది. "మూడేండ్లు మంచంల గోస పడ్డది. ఇగ సల్లగ పోయింది" అంది ఆమె కోడలు. ఆ మూడేళ్లకు కారణం ఎవరో కోడలికి తెలియదు. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో మేడ్చల్‌లో మా కాలనీ కడుతున్నప్పుడు మేం ఉద్యోగం మీద కోనసీమ నుంచి, అవ్వ కూలికి పాలమూరు నుంచి వచ్చాం. మా ఇంటికి ఇటుకలు మోసింది ఆమే. మా పెద్దవాడికి కడుపునొప్పి వస్తే వాము నమిలి బొడ్డు చుట్టూ ఊదేది. నేను ముఖం చిట్లించేదాన్ని. వాడు మాత్రం హాయిగా నిద్రపోయేవాడు.

ఒకరోజు అవ్వ బిందెతో కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ అన్నాడు, రోజుకో మాత్ర రాశాడు.

"పత్యమేంది సారూ?"

"ఉప్పు తగ్గించు. మిగతావన్నీ తినొచ్చు."

బయటికొచ్చాక పెదవి విరిచింది. "పత్యం లేని మందు ఏం పనిజేస్తది బిడ్డా?" మాత్రలు తీసుకెళ్లి చూరులో దోపేసింది.

నేను తెలివైనదాన్ని కదా, మర్నాడు ఒక అబద్ధం ఆడాను. వంకాయ ముట్టకూడదని డాక్టరు నాతో విడిగా చెప్పాడన్నాను. వంకాయంటే ఆమెకు ప్రాణం. అయినా ఆ రోజు నుంచి మాత్ర తప్పలేదు, వంకాయ ముట్టలేదు. రెండేళ్లు! మేం ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

మా చిన్నవాడి అన్నప్రాశనకు గుత్తివంకాయ వడ్డిస్తూ వచ్చాను. అవ్వ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకేం కాదులే అవ్వా, తిను."

"ఇడిసినట్టేనా బిడ్డా?"

"ఆఁ, విడిచినట్టే" అని రెండు కాయలు వేసి పక్క విస్తరికి వెళ్లిపోయాను. ఇల్లంతా చుట్టాలు. ఆమె ఎంత ఇష్టంగా తిన్నదో కూడా నిలబడి చూడలేదు.

రెండు నెలలకు అవ్వకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాత్రలు వేసుకోవడం లేదని ఆస్పత్రిలో తెలిసి, ఎందుకు మానేశావని కోప్పడ్డాను. మాట ముద్దగా వచ్చింది. "పత్యం నువ్వే ఇడిపిస్తివి గద బిడ్డా. మందు అయిపోయిందనుకున్న."

వాళ్ల ఊళ్లో పథ్యం పెట్టినవాళ్లే విడిపిస్తారట. విడిపించారంటే మందు పూర్తయినట్టేనట. నేను ముందే అడిగి తెలుసుకోలేదు. మూడేళ్లు అన్నం పట్టుకెళ్లానే గానీ, వంకాయ మాట అబద్ధమని ఒప్పుకునే ధైర్యం రాలేదు. ఇప్పుడు ఒప్పుకున్నా వినడానికి ఆమె లేదు.

నిన్న గుడిసె సర్దుతూ కోడలు చూరులోంచి చిన్న గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. లోపల అన్నప్రాశన నాటి మాత్రల అట్ట. రెండు గుంటలు ఖాళీ. మిగతా ఎనిమిదీ అలాగే ఉన్నాయి.