దాపట ఎవరు, ఎలపట ఎవరు

మొన్న అమరావతి నుంచి మా చెల్లెలి కూతురి కారులో వస్తుంటే వాన పట్టుకుంది. వైపర్లు అద్దం మధ్యదాకా వచ్చి, వచ్చిన పని మరిచిపోయినట్లు అక్కడే ఆగిపోయాయి. పిల్ల కారును పక్కకు తీసి, కంపెనీ వాళ్ళకు ఫోను చేసి, సీటు వెనక్కి వాల్చుకుంది. ఫ్యూజు పోయిందేమో చూడమన్నాను. "మనం ముట్టుకుంటే వారంటీ పోద్ది పెద్దమ్మా, వాళ్ళే వస్తారులే" అంది. చేసే పనేమీ లేక నేనూ వెనక్కి వాలాను. నా ఈడు వాళ్ళకు తెలిసిందే, ఊరికే కూర్చుంటే మనసు ముందుకు పోదు.

నర్సుగా నా మొదటి ఉద్యోగం గురజాల వైపు. మా నాన్న నరసరావుపేటలో బడిపంతులు. బడి, ఆదివారం చర్చి తప్ప వేరే లోకం తెలియకుండా పెరిగినదాన్ని, ఎద్దును దగ్గరగా చూసిన పాపాన పోలేదు. మా ఆస్పత్రికి గుడ్డ టాపు జీపు ఒకటి ఉండేది. దాన్ని నడిపే డ్రైవరన్న మాచర్ల సాయిబు, అల్లా మీద ఎంత నమ్మకమో ఆ బండి మీద అంత అపనమ్మకం ఉన్న మనిషి.

ఒక వానాకాలం మధ్యాహ్నం, పక్క ఊళ్ళో ఒక పిల్లకు తొలికాన్పు కష్టమైంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. అది నా చేతిలో పని కాదు, నరసరావుపేట పెద్దాసుపత్రికి చేర్చకపోతే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కరు. ఆమెను జీపు వెనక బల్ల మీద పడుకోబెట్టి, వాళ్ళ అత్తా నేనూ ఎక్కాం. నకరికల్లు ఇంకా రాకముందే, వాన బాగా ఊపందుకున్న వేళ చూసుకుని, వైపర్ ఆగిపోయింది.

డ్రైవరన్న దిగి ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. స్విచ్చి వేసి చెవి పెడితే మోటారు గుర్రుమంటూనే ఉంది. మోటారు తిరుగుతూ వైపర్ కదలలేదంటే లోపలి కడ్డీ ఊడినట్లే, అది షెడ్డుకు పోతే తప్ప బాగయ్యేది కాదన్నాడు. తల బయటపెట్టి కొంతదూరం నడిపాడు గానీ, కళ్ళలో వాన కొడుతుంటే ఎదురొచ్చే లారీ కానరాక మళ్ళీ ఆపాడు. చేత్తో తోస్తే మాత్రం వైపర్ అటూ ఇటూ తేలిగ్గానే వాలుతోంది. అది చూసి నా సంచిలోని బ్యాండేజీ చుట్ట అడిగి తీసుకుని, తన ముందున్న వైపర్‌కు ముడివేసి, ఒక కొస ఎడమవైపు ముందు సీట్లో కూర్చున్న అత్తకూ, రెండో కొస తన వెనక కుడివైపు కూర్చున్న నాకూ అందించాడు. ఇద్దరం మార్చి మార్చి లాగాలి.

ఆ అత్త పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సేద్యంలో ఉన్న మనిషి. "నేను దాపట, నువ్వు ఎలపట. నేను ఎవుర్ని పిలిస్తే వాళ్ళు లాగాల" అని చెప్పేసింది. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. నాకు రెండు మాటలూ కొత్తే, కాసేపటికే ఏది నాదో మరిచాను. ఆమె దాపట అన్నప్పుడు నేనూ లాగాను. గుడ్డ బిగుసుకుని వైపర్ నిలువునా నిలబడింది, అద్దం నీళ్ళతో మూసుకుపోయింది, ఎడమ చక్రాలు రోడ్డు దిగి కాలవ వైపు జారాయి. బ్రేకు పడ్డాక గానీ ఎవరికీ ఊపిరి రాలేదు.

"ఏందమ్మా నర్సమ్మా! చెరో దిక్కూ లాగితే కాడి ఇరగదా?" అంది అత్త.

వెనక పడుకున్న కోడలు మూలుగుతూనే అందుకుంది. "అత్తా, ఆయమ్మకి ఎద్దుల మాట తెలవదు. నే చెప్తాలే."

అప్పటినుంచి పిలుపు ఆమెదే. దాపట అనేది, అత్త లాగేది. ఎలపట అంటూ నా వీపు మీద తట్టేది, నేను లాగేదాన్ని. నొప్పి వచ్చినప్పుడు పిలుపు ఆగేది, దానితో వైపర్ ఆగేది, డ్రైవరన్న జీపు నెమ్మది చేసేవాడు. అలా వెనక్కి తిరిగి చూడకుండానే ఆమె నొప్పులన్నీ ఆయనకు తెలిశాయి. రానురాను పిలుపు సన్నబడింది, చెయ్యి మాత్రం తడుతూ ఉంది. నరసరావుపేట పొలిమేర కనబడే వేళకు చెయ్యి కూడా ఆగిపోయింది. తిరిగి చూడడానికి నాకు భయం వేసింది. ఎలపట అని నేనే అనుకుని నేనే లాగాను. దాపట అని కూడా నేనే అన్నాను. నా గొంతు విని అత్త ఒక్కసారి వెనక్కి చూసి, ముందుకు తిరిగి లాగింది.

ఆస్పత్రిలో దింపేటప్పుడు కోడలికి స్పృహ ఉండీ లేనట్లుంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. గోదావరి వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ చెవి ఒగ్గి విని, దాపట అంటే ఈమె భర్త పేరా అని అడిగింది. లోపల పసిపిల్ల ఏడుపు వినబడేదాకా వరండాలో ఎవరమూ కూర్చోలేదు. ఆడపిల్ల, తల్లి క్షేమం అన్నారు. అప్పుడు అత్తా నేనూ కలిసి ఏడ్చాం. డ్రైవరన్న జీపు చూసుకొస్తానని బయటికి పోయాడు.

ఈమధ్య ఆ ఊరి మనిషి ఒకరు కనబడితే కుశలం అడిగాను. అత్త ఎప్పుడో పోయిందట. కోడలు మనవలను ఎత్తుకుంటోందట. పొలాలన్నీ ట్రాక్టర్లవే, ఊరంతా వెతికినా ఒక్క కాడి దొరకదట. ఇప్పుడు నన్ను అడిగితే తడుముకోకుండా చెప్పగలను, నేను ఎలపట. ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు.