సీసా అడుగున మడ్డి

ధర్మవరంలో నాయన కట్టిన ఇంటికి నడిమధ్యన గోడ ఉంది. అటు అన్న, ఇటు నేను. వేరుపడినప్పుడు పట్టు నూలుకు రంగు వేసే పని అన్నకు పోయింది, చీరల అంగడి నాకు వచ్చింది. గోడకు అవతలే అన్న రంగు వేస్తున్నా, నా చీరలు నేసేవాళ్ల కోసం నేను మాత్రం హిందూపురం నుంచి రంగు నూలు తెప్పించుకునేవాణ్ణి. అన్నకు మండాలని, అంతే.

వేరుపడక ముందు చీరలు కొనడానికి ఒక ఇటలీ ఆమె వచ్చేది. వాళ్లది ద్రాక్షతోటల కుటుంబం. తాతల పద్ధతిలోనే ఎర్ర వైన్ చేసి అమ్ముతారట. ఒకసారి వచ్చినప్పుడు వాళ్లింటి సీసా ఒకటి ఇచ్చి, అన్నదమ్ములిద్దరూ కలిసి తాగమంది. మా నాయన తాగితాగి పోయినవాడు. ఆయన శవం దగ్గర, చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు అన్న. అందుకే ఆ సీసా అతని రంగుల కొట్టంలో, గూట్లో నిలబడిపోయింది.

పోయిన ఏడు పెనుకొండ నుంచి మామ వచ్చాడు, అమ్మ తమ్ముడు. మమ్మల్ని మళ్ళీ ఒక పనిలో కలపాలని ఆయన పట్టుదల. ఇద్దరినీ అన్న ఇంటి పంచలో కూర్చోబెట్టాడు.

"ఆ సీసా అట్లే ఉండాదంట గదప్పా. పట్రా, తాగుతా మాట్లాడుకుందాం."

అన్న తెచ్చి నా ముందు పెట్టాడు. "మీరు తాగండి మామా. నాకు టీ చాలు."

బిరడాలోకి ఒక స్క్రూ దింపి, పటకారుతో లాగాను. చెమట పట్టింది. "ఎవుడు దిగ్గొట్టినాడో గానీ, ఊడి రాదే" అన్నాను. మామ నవ్వాడు. అన్న కూడా కొంచెం నవ్వాడు.

బెంగళూరులో తాగిన తియ్యటి వైన్ తప్ప నాకేదీ తెలియదు. ఇది నేరేడు కాయ నమిలినట్టు వగరుగా ఉంది. చివరి గ్లాసులోకి వంచితే ముదురెరుపు మడ్డి జారింది, రంగు తొట్టి అడుగున మిగిలే మడ్డిలాగా.

నాకు అనుమానం రాలేదు. అన్నను దెప్పడానికి సందు దొరికింది.

"అసలుది ఎవురికి అమ్ముకుంటివన్నా? రంగునీళ్లు పోసి పెట్టినావే. నీ రంగు దిగిపోతాదని జనం అంటాంటే నమ్మలేదు నేను."

"నోరు మూసుకోరా" అన్నాడు మామ.

నూలు కోసం వచ్చిన మగ్గాల వాళ్లు ఇద్దరు గుమ్మంలో ఉన్నారు. వాళ్లకు వినపడాలనే గొంతు పెంచాను.

అన్న లేచాడు. ఆ గ్లాసు అందుకుని మడ్డితో సహా తాగేశాడు.

"రంగయితే సస్తా. సారాయయితే నా ఒట్టు పోయినట్టే. ఏదైనా నీ కడుపు సల్లగుంటాది. ఇంక పో."

మామ ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

తర్వాత ఆ ఇటలీ ఆమెకు ఫోన్ చేసి అడిగాను. వాళ్లింట్లో వైన్‌ను వడకట్టరట. ఏళ్లు గడిచేకొద్దీ అడుగున మడ్డి దిగుతుందట, కదిలించకుండా మెల్లగా వంచుకోవాలట. ఆ మాటను సాకుగా పట్టుకుని అన్న కొట్టానికి వెళ్లాను.

"తెలీక అనేసినా అన్నా."

తొట్టిలో నూలు తిప్పుతున్న అన్న తలెత్తలేదు.

"తెలీకనా? ఎవురూ తీయని బిరడా పెరికింది నువ్వే గదరా. ఊడి రాదే అని చెమటలు కారుస్తివి."

అన్న నూలు పిండి దండెం దగ్గరికి వచ్చాడు. అడ్డంగా ఉన్న నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, ఆరవేశాడు.