మంగళవారం ముట్టుకోకూడని నీళ్ళు

బి.ఏ. పాసయిన సంగతి అనకాపల్లిలో బస్సెక్కిన దగ్గర్నుంచీ దొరికిన ప్రతివాళ్ళకీ చెప్పేశాను. కండక్టరుకి చెప్పాను. కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని నా వెనక కూర్చున్న పెద్దాయనకి చెప్పాను. చోడవరంలో దిగి ఇంటికి నడుస్తూ, ఎవరూ అడక్కుండానే దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ సంతకం కూడా రాదు. నాన్న విని బెల్లం దిమ్మ తెచ్చి అరుగు మీద పగలగొట్టి వీధంతా పంచాడు. మేనత్త మాత్రం, "అయితే ఇంకేటీ సదవక్కర్నేదా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. "బతికేం" అంది.

నా సంచిలో ఇంకో కబురు కూడా ఉంది. విశాఖపట్నంలో మా హాస్టలు దగ్గర చిన్నపిల్లల బడి ఒకటుండేది. సెలవు రోజుల్లో నేను సాయానికి వెళ్ళేదాన్ని. రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలకి అక్కడ తొట్టెలో సముద్రం చేసి పెట్టేవారు. ఇసక, ఉప్పునీళ్ళు, గవ్వలు, జారిపోయేవి, గరుగ్గా ఉండేవి. చేతులు పెట్టి కెలుక్కోవడమే వాళ్ళ చదువు. అది మా ఊరి పిల్లలకీ చూపించాలని ఆల్చిప్పలూ గవ్వలూ మూటగట్టి తెచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం నాన్నకి అన్నం పట్టుకుని చెరకు తోటకి వెళ్ళాను. గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో రెండేళ్ళ గుంట. కళ్ళ చుట్టూ ఈగలు ముసురుతున్నాయి, పిల్ల చెయ్యి కదపడంలేదు. కలుపు తీస్తున్న వాళ్ళమ్మని పిలిచాను.

"ఏమయింది అప్పా దీనికి?"

"ఏటవుద్ది అమ్మాయిగోరూ, పడుకుంది. రవ్వంత నల్లమందు పాలల్లో రంగరించి పోసేను. నేకపోతే నన్ను పని సెయ్యనిస్తదేటి?"

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "అందరూ పెట్టేదేనే. నువ్వూ అలాగే పెరిగేవు. మీ యమ్మా కలుపు తీసింది కదా మరి" అన్నాడు. అంత మామూలుగా అన్నాడు. ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

"రేపట్నుంచి దీన్ని మా ఇంట్లో దింపు. నేను చూసుకుంటాను" అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసి, సరేనంది.

చెరకు రసం కాచే పెద్ద ఇనప పెనం, గానుగలు ఆడని రోజులు కదా, పెరట్లో బోర్లించి ఉంది. "ఉప్పేస్తే తుప్పట్టిపోద్దే" అని నాన్న గొణిగాడు. రోజూ కడిగి ఆముదం రాస్తానని ఒప్పించాను. దాన్ని వెల్లకిలా తిప్పి నూతినీళ్ళు పోశాను. ఏటి ఇసక, వంటింటి ఉప్పు, నేను తెచ్చిన గవ్వలు వేశాను. శంఖుపూలు పిసికితే నీళ్ళు నీలంగా అయ్యాయి. నానబెట్టిన సబ్జాగింజలు చేపగుడ్లు. అరటిదొప్పలు పడవలు. వీధిలో పిల్లలు కూడా చేరారు. ఆ గుంట మొదట్లో తూగుతూ కూర్చునేది. రెండు మూడు రోజులకి సబ్జాగింజల్లో వేళ్ళు పెట్టింది. అవి జారిపోతుంటే మూతి బిగించి మళ్ళీ పట్టుకునేది. ఒకరోజు నీళ్ళ మీద అరచేత్తో ఫట్టున కొట్టి, నా మొహం తడిసిందని నవ్వింది. బి.ఏ. పాసయినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

అప్పుడే మేనత్త పెరటి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"ఒసే గుంటా, ఈయేళ ఏ వారం?"

"మంగళవారం."

"మంగలారం నాడు సముద్రం ముట్టుకుంతారేటే? పసిపిల్లల్ని ఏటి సేసెద్దామని?"

మావైపు మంగళ, శుక్రవారాల్లో సముద్రాన్ని తాకరు. పున్నమికో అమావాస్యకో పూడిమడక తీరానికి వెళ్ళి మునిగి రావడమే. అది నాకూ తెలుసు.

"ఇవి మన నూతినీళ్ళు అత్తా. పొద్దున్న నువ్వే తోడిచ్చేవు."

"ఉప్పెయ్యనేదా నువ్వు? సముద్రమని పిల్లలకి సెప్పనేదా? పసుపు ముద్దని గౌరమ్మ అన్నాక అది గౌరమ్మ అవదేటి? పేరెట్టి పిలిసేక అదే ఇది."

"అయితే ఒక్కసారి ముట్టుకుని చూడు."

"నాకేటి మతి పోయిందా" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. సాయంత్రానికల్లా తల్లులందరికీ చెప్పేసింది.

బుధవారం ఒక్క పిల్లా రాలేదు. తోటకి పరిగెత్తాను. ఉయ్యాల మళ్ళీ కట్టి ఉంది. పిల్ల అరచేతిలో నా వేలు పెడితే, పట్టుకోలేదు.

"నిన్న ముట్టేసింది కదమ్మా. మళ్ళీ పంపితే ఏటవుద్దోనని బయ్యం" అంది వాళ్ళమ్మ. "ఇంటికాడ కూకుంటే నాకు కూలెవలిస్తారు?"

ఇంటికొచ్చి, చేటలో బియ్యం చెరుగుతున్న మేనత్త ముందు నిలబడ్డాను.

"నల్లమందుకి వారం లేదా అత్తా? మంగళవారం పెట్టొచ్చా? శుక్రవారం పెట్టొచ్చా?"

"అది మందే."

"నూతినీళ్ళు సముద్రం. విషం మందు. బాగుంది."

"నామీద ఎగరకు. నువ్వు సముద్రమన్నావు, నేను కాదనలేదు. ఏరు అను, ఏరే అవుద్ది. ఏటికి వారాలేటున్నాయి?"

ఆ మాటతో ఇంకా మండిపోయాను. నేను పెట్టే పేరును బట్టి ఒక పిల్ల మెలకువగా ఉండాలి, లేకపోతే మత్తులో పడి ఉండాలి. పెనం వంచి ఉప్పునీళ్ళన్నీ వీధిలోకి పారబోశాను. కడిగి మంచినీళ్ళు పోశాను. "ఏరు. వచ్చి చూడు" అన్నాను.

మేనత్త నింపాదిగా వచ్చి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళల్లో ముంచి, కెలికి, "ఏరే" అంది. "గవ్వలుండనీ. ఏట్లో గుల్లలుండవేటి?" చెయ్యి తుడుచుకుని ఆ తడి కొంగుతోనే ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. ఆవిడ మాటకి మర్నాడు పిల్లలందరూ వచ్చారు. నా చదువుకి ఒక్కరు కూడా రాలేదు. ఆ వారమంతా నేను ఆవిడతో మాట్లాడలేదు.

పిల్లలు తిరిగొచ్చిన ఆ రోజు, ఆ గుంట మధ్యాహ్నం దాకా తూలుతూనే ఉంది. తర్వాత లేచింది. పొద్దువాలాక వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుంటే, పెనం అంచు వదలనని గుక్కపెట్టి ఏడ్చింది. తడి చేతుల్తో తల్లి వీపు మీద దబదబా బాదింది.

"ఏటి నేర్పేరమ్మా దీనికి? ఇంక దీన్ని పడుకోబెట్టడం నా వల్ల అవుద్దా?" అని ఆమె విసుక్కుంది.

"పడుకోబెట్టకు" అన్నాను. "పొద్దున్నే తీసుకురా."